జగదాంబ అడగని పేరు

కూర్మారావు రికార్డర్ ఆపమన్నాడు. సౌజన్య ఆపింది. ఎర్ర లైటు పోయిందో లేదో తల తిప్పి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

పలాసలో డయాలసిస్ వార్డు అది. ఆయనది కిటికీ పక్క మంచం. హరిశ్చంద్రపురం నుంచి వారానికి మూడుసార్లు రైల్లో వచ్చి, ఒక్కో విడత నాలుగు గంటలు మిషన్‌కు కట్టుబడి పడుకుంటాడు. ఇంటి దగ్గరైతే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారని, ఇక్కడ ఎవరి బాధ వాళ్ళది కాబట్టి మాట్లాడుకోవడానికి ఇదే మేలని ఆయనే అన్నాడు. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా దళంలోకి ఎందుకు వెళ్ళాడో, కొండల్లో ఏం వండుకున్నారో, లొంగిపోయిన రోజు మెడలో దండ ఎవరు వేశారో నవ్వుతూ చెప్పాడు. ఈసారి నవ్వలేదు.

"జోగారావు బతికి నేడమ్మా. ఆ రోజే అయిపోనాది. ముగ్గురం ఎల్లాం. ఆ ఇద్దరూ తరవాత పోనారు, నానొక్కడినే మిగిలాను."

జోగారావు పేరు సౌజన్యకు బాగా తెలుసు. మందస దాటాక సముద్రం వైపు ఒక ఊళ్ళో ఆయన భార్య జగదాంబ ఉంది. పాతికేళ్ళ కిందట, పోలీసులకు కబుర్లు మోస్తున్నాడనే అనుమానం మీద అన్నలు ఆయన్ని ఇంట్లోంచి పిలుచుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ఒడ్డున సరుగుడు తోటలో ఇసుక తవ్వి పూడ్చామని కూర్మారావు చెప్పాడు. ఇప్పుడు ఆ తోట లేదట. సముద్రం లోపలికొచ్చి తినేసిందట. కబుర్లు మోసినవాడు వేరే ఎవరో అని ఆర్నెల్ల తర్వాత తెలిసిందని చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, సౌజన్య ముందుకు వంగాల్సి వచ్చింది.

"నాను పోనాక జగదాంబకి సెప్పు. ముందు సెప్పకు. నా కూతుర్ని ఆ ఊరే ఇచ్చాను."

సౌజన్య సరేనంది.

ఆమెది కవిటి పక్క ఊరు. నాన్న కొబ్బరితోటకు కాపలాదారు. ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది, పీజీ చేసింది తనే. గొడవల కాలంలో జనం ఏం అనుభవించారో జనం మాటల్లోనే రాయాలని హైదరాబాద్‌లో ఒక సంస్థ పని మొదలుపెడితే, ఈ ప్రాంతం యాస తెలిసిన మనిషి కావాలని ఆమెను తీసుకున్నారు. శిక్షణలో శశిధర్ సార్ చాలా చెప్పారు. అందులో ఆమె బాగా గుర్తుపెట్టుకున్నది ఒకటి: ఒక గడపలో విన్న మాట ఇంకో గడప దాటకూడదు. రాసేటప్పుడు పేర్లు మార్చడం ఎవరైనా చేస్తారు, ఊళ్ళో తిరిగేటప్పుడు ముఖం మార్చుకోకుండా ఉండటమే కష్టం అని కూడా ఆయన అన్నారు. అప్పుడు ఆ మాట ఆమెకు అంతగా ఎక్కలేదు.

చిక్కేమిటంటే, ఆ మధ్యాహ్నమే వస్తానని ఆమె జగదాంబకు చెప్పి ఉంది. బస్టాండ్ నుంచి సార్‌కు ఫోన్ చేసింది. ఆయన, మాట ఇచ్చాం కాబట్టి మాట మీదే ఉండాలని, మామూలుగా వెళ్ళి మామూలుగా రమ్మని, మానేస్తేనే అనుమానం వస్తుందని చెప్పారు. మామూలుగా ఎలా ఉండాలో అడుగుదామనుకుంది. ఈలోగా మందస బస్సు వచ్చింది.

జగదాంబ అరుగు మీద కూర్చుని జీడిపప్పుకు పొట్టు తీస్తోంది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పప్పు చాటలో పోసుకుని, చిన్న కత్తితో ఒక్కో గింజా గీకి పక్కన వేస్తుంది. యాభై దాటిన మనిషి. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతులకు ఎర్ర గాజులు, మెడలో నల్లపూసలు. పెళ్ళిళ్ళకు ఊళ్ళో సగం మంది ఆమెను ముత్తైదువగా పిలుస్తారు, సగం మంది పిలవరు. పిలిచినచోటికి వెళుతుంది, పిలవనివాళ్ళను ఏమీ అనదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించేద్దామని బావగార్లు అడిగి అడిగి మానేశారు. ఇప్పుడు కొడుకు ఢిల్లీబాబు అడుగుతున్నాడు. ఆటో తోలుకునే కుర్రాడు, నాన్న పోయేనాటికి చంటివాడు. అందరి నాన్నలకూ ఒక తిథి ఉంది, మా నాన్నకే లేదని వాడి బాధ. చూసినవాళ్ళెవరైనా వచ్చి చెప్పేదాకా కర్మ చెయ్యనివ్వనని జగదాంబ పట్టు.

"ఏటి గుంటా, మొకం అలగ పీక్కుపోనాది? మీ సార్లు బువ్వ ఎట్టరేటి?" అంది సౌజన్యను చూడగానే.

అన్నం పెట్టింది. నెత్తళ్ళ చేపల కూర. సౌజన్య కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపిందే మళ్ళీ కలిపింది. పెళ్ళెప్పుడు చేసుకుంటావని జగదాంబ అడిగింది. మా ఊరి కుర్రాణ్ణి చేసుకుంటే నీకు రోజూ కూర వండే పని నాకే పడుతుందని తనే నవ్వింది. తర్వాత, వచ్చిన ప్రతిసారీ అడిగే మాట అడిగింది. అడిగేటప్పుడు సౌజన్య వైపు చూడదు, గింజ వైపే చూస్తుంది.

"అందరి కాడికీ ఎల్తన్నావు కదా. మా ఆయన మాట ఎవులైనా ఏటైనా అన్నారా?"

"నేదు పిన్నీ."

ఇదివరకు అన్నప్పుడు అది నిజం. ఇప్పుడూ అదే మాట, అదే గొంతు. గొంతు అదేనా కాదా అని సౌజన్య లోపల తడుముకుంటూ ఉండగానే తడక తోసుకుని కుమారి వచ్చింది.

కుమారి కూర్మారావు కూతురు. రెండు వీధుల అవతల కాపురం. రోజూ కత్తి పట్టుకుని ఈ అరుగు మీదికే వచ్చి పప్పు ఒలుచుకుంటుంది. జగదాంబను అత్తా అంటుంది. వచ్చీ రాగానే కూలబడి, సౌజన్య వైపు తిరిగింది.

"పొద్దున్న మా నాయన కాడికి ఎల్లారంట కదా? అమ్మ ఫోన్ సేసినాది. ఎలగున్నాడు?"

జగదాంబ కత్తి గింజ మీద ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది.

బాగానే ఉన్నారని సౌజన్య చెప్పింది. నాన్న అన్నం తినడం మానేశాడని, నిద్రలో ఎవరితోనో మాట్లాడుతున్నాడని కుమారి చెప్పుకుపోతోంది. ఆ మాటలు సగమే సౌజన్య చెవిన పడ్డాయి. ఈ ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఒకే చాటలోంచి పప్పు తీసుకుంటున్నారు. తను ఇంకొంతసేపు ఇక్కడే కూర్చుంటే ముఖమే చెప్పేస్తుందనిపించింది. కంచం తీసింది, చెయ్యి కడుక్కుంది, సంచి భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టి వీధిలోకి వచ్చేసింది.

నాలుగిళ్ళు దాటిందో లేదో, వెనక నుంచి పిలుపు. జగదాంబ గబగబా వస్తోంది. చేతిలో కత్తి అలాగే ఉంది.

"ఏటి మర్సిపోనాను పిన్నీ?"

"ఎల్లొత్తానని సెప్పనేదు నువ్వు."

ఎవరింటి నుంచి బయల్దేరినా వెళ్ళొస్తానని చెప్పడం చిన్నప్పటి నుంచీ నాలుకకు అలవాటు. చెప్పకుండా లేచి వచ్చేది ఒక్క చోటే. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు వెళ్ళొస్తానని అనరు. అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు కాబట్టి, మాట లేకుండా లేచి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. ఆమె ఆలోచించి చేసింది కాదు. పొద్దున వార్డులో విన్నది ఒంటికి ఎక్కింది, ఒళ్ళు లేచి వచ్చేసింది.

"ఎల్లొత్తాను పిన్నీ," అంది గబుక్కున.

"ఇప్పుడొద్దు." జగదాంబ గొంతు పెంచలేదు. "మా బావలూ వొచ్చారు, పోలీసులూ వొచ్చారు, అన్నల మడుసులూ వొచ్చారు. పాతికేళ్ళ నుంచి నా గుమ్మంలోకి వొచ్చినోళ్ళందరూ ఎల్లొత్తామనే ఎల్లారు. నువ్వు సావింట్లోంచి లెగిసినట్టు లెగిసిపోనావు."

సౌజన్య సంచి పట్టీ సవరించుకుంది. చెప్పనని మాట ఇచ్చానన్నా మాట దాటినట్టే. ఏమీ లేదన్నా ఇక ఎవరూ నమ్మరు.

జగదాంబ వెనక్కి తిరిగి అరుగు వైపు చూసింది. కుమారి తల వంచుకుని గింజలు గీకుతోంది.

"పేరు సెప్పకు. నానడగను. పేరు సెవిన పడితే నా మొకంలో కనపడిపోద్ది. నా కొడుకు ఆటో దిగితే ముందు నా మొకమే సూత్తాడు." చేతిలోని కత్తిని కొంగుతో తుడిచింది. "ఆయన్ని తీసికెల్లిన మనిసి బతికే ఉన్నాడా?"

సౌజన్య తల అడ్డంగా ఊపలేకపోయింది. నిలువుగానూ ఊపలేదు. జగదాంబకు అది చాలినట్టుంది.

"మరైతే నాకెదురుగా సెప్పమను. నీకు సెప్పేసి సేతులు దులుపుకుంటే ఎలగ? నువ్వేటౌతావు మా ఆయనకి? నీ పనైపోతే మూట కట్టుకుని ఎల్లిపోతావు. నాను ఇక్కడే ఉండాల."

వెనక్కి వెళ్ళిపోయింది. ఆ కత్తికి పదును పోయింది, ఇది తీసుకో అని కుమారితో అంటున్న మాట సౌజన్యకు వీధిలోకి వినబడింది.

బస్సు ఎక్కకముందే సార్‌కు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. ఆయన కోప్పడలేదు. అక్కడి పని ఆపేసి వెంటనే హైదరాబాద్ వచ్చెయ్యమన్నారు. సంస్థ ఇలాంటి రిస్కు తీసుకోలేదని, ఆమె క్షేమం కూడా ముఖ్యమని అన్నారు. "నేను వచ్చేస్తాను సార్. వాళ్ళు ఎక్కడికి పోతారు?" అని అడిగింది. పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతానన్నారు.

మర్నాటికీ ఆ కబురు రాలేదు. తను గది తీసుకున్న మందస సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ఆటో పక్కన ఆగింది. ఢిల్లీబాబు. ఎక్కండి మేడమ్, పలాసే పోతున్నాను అన్నాడు. ఎక్కకపోతే బాగుండదని ఎక్కింది. జీడితోటల మధ్య రోడ్డు పొడుగునా అతను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. రైల్వే గేటు పడి బండి ఆగినప్పుడు ఇంజను ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నిన్నట్నుంచి అమ్మ బువ్వ ముట్టడం నేదు. ఆ పాత సంగతులేటైనా అడిగారా?"

"లేదన్నా. అన్నం పెట్టింది, తిన్నాను, వచ్చాను."

"ఇంక అడక్కండి. ఆవిడ అడగదు, నన్ను అడగనివ్వదు. మా నాయన్ని తీసికెల్లినోడెవుడో నాకు తెలిసిననాడు..." గూడ్సు బండి దూసుకొచ్చింది. మిగతాది ఆ మోతలో పోయిందో, అతనే ఆపేశాడో తెలియలేదు. బండి పోయాక ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అద్దానికి కట్టిన నిమ్మకాయలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

ఆ రోజంతా ఆమెకు ఫోన్ మోగితే ఉలికిపాటే. కుమారి నంబర్ నుంచి వస్తుందేమో, ఎవరో కొట్టారని, ఇంటి మీదికి వచ్చారని చెబుతుందేమో అనుకుంది. అలాంటి ఫోనేదీ రాలేదు.

కూర్మారావు డయాలసిస్ రోజున ముందుగానే వార్డుకు వెళ్ళింది. రికార్డర్ సంచిలోంచి తియ్యలేదు. జగదాంబకు తెలిసిపోయిందని చెప్పింది. ఎలా తెలిసిందో కూడా చెప్పింది. తన మాట నిలబెట్టుకోలేకపోయానంది.

ఆయన గొట్టంలో తిరుగుతున్న తన నెత్తురు వైపు చూశాడు.

"కుమారికి తెలిసిపోనాదా?"

"లేదు మావయ్యా."

"జగదాంబ గుంటడికి?"

"లేదు. పిన్ని మీ పేరు అడగలేదు. ఊహించినట్టుంది. ఎదురుగా చెప్పమంది."

నర్సు వచ్చి బీపీ చూసి, ఇవాళ ఎక్కువ ఉంది, మాట్లాడించకండి అని వెళ్ళింది. కూర్మారావు కళ్ళు మూసుకున్నాడు. ఇక లేచి వెళ్ళిపోదామని సౌజన్య అనుకుంటుండగా కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"రమ్మను. నాను మంచమ్మీదే ఉంటాను. సూదులు గుచ్చి కట్టేసి ఉంటారు, ఎక్కడికి పారిపోతాను."

ఆ మాట అన్నాక కొంచెం నవ్వాడు. సౌజన్యకు నవ్వు రాలేదు. ఒక గడప మాట ఇంకో గడపకు మోయకూడదని నేర్చుకున్న మనిషి, ఆ సాయంత్రం ఫోన్‌లో జగదాంబకు ఆ కబురు చెప్పింది. శశిధర్ సార్‌కు ఇది చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక ఆయనకు చెప్పకుండా చేసిన మొదటి పని ఇదే.

తర్వాతి డయాలసిస్ రోజున జగదాంబ కొడుకు ఆటోలోనే వచ్చింది. కుమారి వాళ్ళ నాయన్ని చూసి వస్తానని చెప్పిందట. ఒక చేతిలో యాపిల్ పళ్ళ సంచి, ఇంకో చేతిలో కొంగు. వాడు బండి చెట్టు నీడకు పెట్టి, నేనూ వస్తానంటే, ఒక్కరినే పంపుతారు లోపలికి అని ఆపింది. సౌజన్య వరండాలో ఎదురొచ్చింది. ఏ మంచమో వేలితో చూపించబోతే, జగదాంబ ఆ చెయ్యి పట్టుకుని దించింది. తనే వెతుక్కుని కిటికీ పక్కకు వెళ్ళింది.

తలుపుకు అద్దం ఉంది. సౌజన్యకు జగదాంబ వీపు కనబడుతోంది. పళ్ళ సంచి మంచం కింద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. ఇలాంటి మాటలు రాసిపెట్టడానికే తనను ఇక్కడికి పంపారు. ఇంతకన్నా పెద్ద మాట ఈ పనిలో మళ్ళీ దొరకదు. సంచి తన చేతిలోనే ఉంది. కానీ ఆమె చూస్తున్నది అద్దంలోంచి లోపలికి కాదు, వరండా చివరికి. ఢిల్లీబాబు ఏ నిమిషాన విసిగి లోపలికి వచ్చేస్తాడో అని. ఒకసారి మెట్లు ఎక్కాడు కూడా. మంచినీళ్ళ కుళాయి ఎక్కడ అని అడిగి, తాగి, మళ్ళీ దిగాడు. అంతసేపూ ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

లోపల ఎవరూ అరవలేదు. ఒక్కసారి మాత్రం కూర్మారావు సూదులు లేని చెయ్యి పైకి లేచింది. దండం పెట్టడానికో, నోరు మూసుకోవడానికో తెలియలేదు. రెండో చెయ్యి మిషన్‌కు ఉండటంతో ఆ ఒక్క చెయ్యే గాలిలో కాసేపు ఉండి దిగిపోయింది.

జగదాంబ బయటికొచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. సౌజన్యను దాటి రెండడుగులు వేసి ఆగింది.

"ఏటి సెప్పాడని అడగవేటి?"

"అడగను పిన్నీ."

"అడక్కు. రాయకు కూడా. ఆ కుమారి గుంట నా అరుగు మీద కూకుంటాది, ఇంకా సానా రోజులు కూకోవాల." తర్వాత, "నువ్వు కూడా రా. నానొక్కర్తినే ఆడి ఎనకాల కూకోలేను," అంది.

ఆటోలో పక్కపక్కనే కూర్చున్నారు. ఢిల్లీబాబు అద్దంలోంచి అమ్మను చూశాడు. ముందు ఆమె ముఖమే చూస్తాడని ఆమె అన్నది నిజమే.

"ఎలగున్నాడే? ఏటన్నాడు?"

"మీ నాన్న నేడంట," అంది జగదాంబ. "ఆ రోజే పోనాడంట. ఈయన కొండల్లో ఉన్నప్పుడు ఎవులో అనుకుంటంటే ఇన్నాడంట. తీసికెల్లినోళ్ళు ముగ్గురూ సచ్చిపోనారంట. కబుర్లు మోసినోడు మీ నాన్న కాదని కూడా తెలిసిందంట."

ఇంజను మోగుతూనే ఉంది, బండి కదలలేదు. జగదాంబ చేతులు ఒళ్ళో ఉన్నాయి, గాజులు ఒకదాన్నొకటి తాకి చిన్నగా చప్పుడవుతున్నాయి. ఢిల్లీబాబు అద్దం కొంచెం పక్కకు తిప్పాడు. ఇప్పుడు అందులో సౌజన్య ముఖం ఉంది.

"మేడమ్. మీరు అందరి కాడా ఇంటన్నారు కదా. అమ్మ సెప్పింది నిజమేనా? ముగ్గురూ పోనారా?"

జగదాంబ ఆమె వైపు తిరగలేదు. తిరిగి ఉంటే తేలికయ్యేది.

"పోయారన్నా," అంది సౌజన్య. "నేనూ అదే విన్నాను."

అతను ఆసుపత్రి వైపు చూశాడు. పై అంతస్తు కిటికీల వైపు, ఒక్కొక్కటిగా. కూర్మారావుది ఏ కిటికీయో అతనికి తెలియదని సౌజన్యకు తెలుసు. అయినా ఆ చూపు ఒకచోట ఎక్కువసేపు ఆగినట్టే అనిపించింది.

"పంతులుగారి కాడికి పోనియ్," అంది జగదాంబ. "తిథి అడుగుదాం. బొమ్మకి దర్భలు ఎన్ని కావాలో అడుగుదాం."

బండి కదిలింది. కాశీబుగ్గ రోడ్డు ఎక్కింది. అద్దాన్ని అతను తిరిగి సరిచెయ్యలేదు. గోతులొచ్చినా, ఎదురుగా లారీలొచ్చినా, సౌజన్య తలెత్తినప్పుడల్లా అతని కళ్ళు అందులో ఉన్నాయి.